పొట్లంలో పేజీ

దర్జీ అక్క మెడలోని టేపు తీయకుండానే నవల రాస్తుంది. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు మిషను మీది గుడ్డలు పక్కకు నెట్టి, కాగితం పెట్టుకుని, రాసిన ప్రతి వాక్యాన్నీ పెదవులు కదుపుతూ చదువుకుంటుంది. నచ్చకపోతే కుట్టు విప్పినంత ఓపిగ్గా కొట్టేసి మళ్ళీ రాస్తుంది. పుస్తకం అచ్చయ్యేలోపే నలుగురి నోళ్ళలో నానాలని, అన్నిటికన్నా బాగా కుదిరిన పేజీని జిరాక్సు తీయించి, కుట్టిన బట్టల పొట్లాల్లో తలా ఒకటి మడిచి పెట్టింది. జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడు "అమ్మా, లైటు తీయకు, నువ్వు కనబడవు" అనే పేజీ అది.

నిరుడు కొడుకును పోగొట్టుకున్న చెల్లెలు తన పొట్లంలో దొరికిన ఆ పేజీ పట్టుకుని కొట్టులోకి వచ్చింది. "ఇది మావాడి ఆఖరి మాట కదక్కా. నీ ఒక్కదానికే చెప్పుకున్నాను."

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "పేరు మార్చానే."

"పేరు మారిస్తే మాట నీదైపోతుందా? పుస్తకంలోంచి తీసెయ్యి."

"ఎంత ఆలోచించినా అలాంటి మాట నాకు తట్టలేదే. అది తీస్తే ఇక నవలేముంది?"

అంతలో పక్కవీధి టీచరమ్మ నవ్వుతూ గుమ్మంలోకి వచ్చింది. "ఏమమ్మా రచయిత్రీ, రాత్రంతా నిద్ర లేకుండా చేశావు! ఇంతకీ ఆ పిల్లాడు బతుకుతాడా, లేదా? చెబితేగానీ కదలను."



"బతకడండీ," అంది చెల్లెలు.