కండెన్సర్ బయట విడిచిన చెప్పులు

కండెన్సర్ కడిగి వచ్చినవాడికి వారం దాకా అన్నం కూడా బురద వాసనే వేస్తుంది. ఎన్నేళ్లు చేసినా నాకది అలవాటు కాలేదు. టర్బైన్‌ను తిప్పి వచ్చిన ఆవిరిని చల్లార్చే పెద్ద ఇనుప పెట్టె అది. లోపల వేల గొట్టాలు, వాటిలో నది నీళ్లు. గొట్టాలకు పాచి పట్టిందా, అదే కరెంటుకు బొగ్గు ఎక్కువ మండుతుంది. అప్పుడు ప్లాంటు ఆపి మమ్మల్ని పిలుస్తారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కుల నుంచి ఎనిమిది మందిమి పోయేవాళ్లం. నేను మేస్త్రీని.

ఒక్కో గొట్టంలో రబ్బరు బిరడా పెట్టి నీళ్ల తుపాకీతో కొడితే, అది బురదను నెట్టుకుంటూ అటు చివర పడుతుంది. మళ్లీ ఇంకో గొట్టం, మళ్లీ ఇంకోటి. సాయంత్రానికి భుజం మనది కాదు.

లోపలి పూత గీసుకుపోతుందని, మనిషి దూరే కంత దగ్గరే చెప్పులు విడిచేవాళ్లం. మా గుంపులో అదే హాజరు. బయట ఎన్ని జతలుంటే లోపల అంతమంది. రాసే పుస్తకం ఒకటి ఉంది గానీ, దాన్నీ చెప్పులు చూసే నింపేవాణ్ణి. ఏదో గొప్ప తెలివి కనిపెట్టినట్టు గర్వపడేవాణ్ణి కూడా.

పోయిన ఎండాకాలం, పనికి ఆఖరు రోజు. పాన్‌గల్ నుంచి మా మేనమామ కూడా వచ్చాడు, అరవైకి దగ్గరపడ్డ మనిషి. నా చెప్పు తెగితే అవతల పారేశాను. చాయ్‌కి పోతూ కంతలో తలపెట్టి అడిగాను.

"మామా, నీ చెప్పులేస్కపోతున్న."

"వేస్కపో, గీడ నాకేం పని వాటితోని."

తిరిగొచ్చేసరికి కంత దగ్గర ఒక్క జత లేదు. మిగతావాళ్లు లోపలి లైటు కూడా బయటికి తెచ్చేసి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. మామ నాతో చాయ్‌కి వచ్చాడనుకున్నారట. "అందరొచ్చిండ్రు, మూయుండ్రి" అని ప్లాంటువాళ్లకు చెప్పి పుస్తకంలో సంతకం పెట్టాను. మూత పెట్టి బోల్టులు బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నీళ్లు వదలడమే.

నేనూ కాళ్లు కడుక్కుందామని చెప్పులు విడిచాను. ఎడమదాని పట్టీకి బైండింగ్ వైరు చుట్టి ఉంది. మామ చుట్టుకున్న వైరు.

"ఆపుండ్రి! మామ లోపలున్నడు!" అని ఒర్లుకుంటూ ఉరికాను.

మూత తీస్తే, ఏరిన బిరడాల బకెట్ పక్కన ఒరిగి నిద్రపోతున్నాడు. బోల్టుల చప్పుడుకు కూడా లేవలేదంటే ఎంత అలిసిపోయాడో.

బయటికొచ్చి నా ముఖం చూశాక ఆయనకు సంగతి అర్థమైంది. చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టాను. వాటిలో కాళ్లు పెడుతూ అన్నాడు.

"చెప్పులకైతే పిలిస్తివి గద అల్లుడా. మూసేటప్పుడు గట్లనే ఒక్కసారి పిలిస్తే పలికేటోన్ని."