క్వార్టర్‌బ్యాక్ సీసాలో మంచినీళ్ళు

పాస్టర్ గారు గ్లాసు కింద పెట్టి, "ఎంత చల్లగా ఉన్నాయమ్మా నీళ్ళు!" అంటూ సీసాని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. సరిగ్గా ఆ క్షణంలో నాకు ప్రమాదం అర్థమైంది. ఆకుపచ్చ సీసా, పొడుగాటి మెడ, అడుగున లోపలికి నొక్కుకుపోయిన గుంట. దాని మీద ఉండాల్సిన కాగితం లేదు. ఆ కాగితం మీద ఉండాల్సిన సంతకమూ లేదు. సెలవు రోజైన శుక్రవారం ప్రార్థనకి మా హాలు నిండా జనం పాటల పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. నేను సమోసాల పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

అది 1995 వేసవి. రాస్ లఫాన్‌లో గ్యాస్ ప్లాంటు పనులు చేస్తున్న ఒక కాంట్రాక్టు కంపెనీకి దోహాలో ఉన్న ఆఫీసులో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ముప్పై మూడేళ్ళ వయసుకే రిటైరయ్యానంటే నవ్వుతారు గానీ, ప్రాజెక్టు ముగిసి ఇంట్లో కూర్చున్నాక ఆ ఉద్యోగంలో ఏం చేసేదానివని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఇంజనీర్లు గీసిన ప్రతి డ్రాయింగుకీ ఒక నంబరు, దాని పక్కన ఒక రివిజన్ అక్షరం ఉంటాయి. మార్పు జరిగినప్పుడల్లా ఆ అక్షరం మారుతుంది. పాత డ్రాయింగు ఒక్కటి సైటులో మిగిలిపోయినా పైపుని తప్పు చోట వెల్డింగ్ చేసేస్తారు. కాబట్టి పాతవి వెనక్కి తెప్పించి, పాతదని ఎర్ర ముద్ర వేసి, కొత్తవి పంపించి, ఎవరి దగ్గర ఏముందో అడిగిన వెంటనే చెప్పాలి. ఎవరేది అప్పగించినా అది అప్పగించినట్టే తిరిగివ్వడం నా ఉద్యోగం.

నా పై అధికారి రే, చీఫ్ పైపింగ్ ఇంజనీరు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసే అడ్మిన్ మేనేజర్ డగ్. ఇద్దరూ అమెరికన్లే, అల్ హిలాల్‌లో కంపెనీ ఇచ్చిన ఒకే విల్లాలో ఉండేవారు. వాళ్ళ ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో విసిరి ఆట నడిపించేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఆట మానేసి, ద్రాక్షతోట కొనుక్కుని, తన పేరు మీద వైన్ అమ్ముకుంటున్న ఒక క్వార్టర్‌బ్యాక్ గురించి వాళ్ళిద్దరూ రోజూ పోట్లాడుకునేవారు. అంతటివాడు మళ్ళీ పుట్టడని రే అనేవాడు. పక్కనున్నవాళ్ళు గెలిపిస్తే ఇతను పేరు కొట్టేశాడనీ, ఇప్పుడా పేరుని సీసాల్లో పోసి అమ్ముతున్నాడనీ డగ్ వాదన.

ఆ ఆట ఒక్కసారైనా చూడని మావాళ్ళు కూడా రెండు పార్టీలుగా చీలిపోయారు. డ్రాయింగ్ సెక్షన్ రే కింద ఉంది కాబట్టి డ్రాఫ్ట్స్‌మన్ ఖాజా భాయ్ రే పార్టీ. ఆయనది కరీంనగర్. టైంకీపర్ రాజు గారిది భీమవరం, ఆయన డగ్ పార్టీ.

"ఆటలో అంత పేరు తెచ్చుకున్నోడు సీసాలమ్ముకోవడమేంటండీ? పరువు తక్కువ కాదూ?" అనేవారు రాజు గారు.

"మీ చెరువుల చేపలు మీరు అమ్ముకుంటలేరా రాజు గారు? గాయన తోట గాయనిష్టం" అనేవాడు ఖాజా.

"చేపలకి మా తాత పేరెట్టి అమ్మటం లేదు కదండీ!"

నేను ఏ పార్టీలోనూ లేను. నాకు ఇద్దరి సంతకాలూ కావాలి. అప్పుడు నాది రెండు పూటల డ్యూటీ, పొద్దున కొంత, సాయంత్రం కొంత. స్కూలు బస్సు దిగిన పిల్లల్ని కింద ఫ్లాట్‌లోని మలయాళీ ఆంటీ చూసుకునేది. వాళ్ళాయన కాంట్రాక్టు అయిపోయి, వచ్చే నెలలో వాళ్ళు మన దేశం వెళ్ళిపోతున్నారు. తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించే ఒకే పూట డ్యూటీ ఇవ్వమని అర్జీ పెట్టుకున్నాను. దానికి సెక్షన్ హెడ్ రే, అడ్మిన్ మేనేజర్ డగ్ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే పిల్లలిద్దర్నీ రాజమండ్రిలో మా అమ్మ దగ్గరికి పంపేయాలి. 

అలాంటి సమయంలో రే తన సీసాని నాకు అప్పగించాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ స్వయంగా సంతకం చేసిన సీసా అది. ఖాళీదే. లోపలి సరుకు అమెరికాలోనే వాళ్ళన్నయ్య తాగేస్తే, రే దాన్ని మేజోళ్ళలో చుట్టి తెచ్చుకుని ఆఫీసు అల్మారాలో పెట్టుకున్నాడు. శనివారం క్లయింటు తరఫున పెద్దలు వస్తున్నారు. వైన్ సీసా ఖాళీదైనా సరే ఆఫీసులో కనపడకూడదని డగ్ ఆర్డరు వేశాడు. ఆ దేశంలో మందు మీద అంత కట్టుబాటు కాబట్టి అందులో తప్పులేదు. విల్లాకి తీసుకెళ్తే మాత్రం కొవ్వొత్తి గుచ్చి బాత్రూములో పెడతానని కూడా అన్నాడట. "నీ దగ్గర ఏదీ పోదు" అని రే నా చేతిలో పెట్టాడు.

పాప గౌనులో చుట్టి, కంపెనీ వ్యానులో ఒళ్ళో పెట్టుకుని, దారిలో పోలీసు బండి కనపడ్డ ప్రతిసారీ మనసులో ప్రార్థన చేసుకుంటూ ఇంటికి తెచ్చాను. బియ్యం డబ్బా వెనక దాచాను. మావారు శామ్యూల్ మా ప్రార్థన గుంపుకి పెద్ద. చెబితే చర్చ పెరుగుతుందని చెప్పలేదు.

పాస్టర్ గారు ముగింపు ప్రార్థన చేసి, "ఇది ద్రాక్షరసం సీసా కదూ, బాగా దళసరిగా ఉందమ్మా. ఇంకోటి దొరికితే మాకూ ఒకటి చూడు" అని చెప్పి వెళ్ళాక, మావారిని వంటింట్లోకి పిలిచాను.

"ఏవండీ, ఆ సీసా…"

"కడిగేశాను సుశీలా" అన్నారు సంతోషంగా. "బియ్యం తీద్దామని చూస్తే కనపడింది. దాని మీద ఏముందో పాస్టర్ గారు చదివితే మన గతేంటి? వేడినీళ్ళలో నానబెట్టి స్టీలు పీచుతో రుద్దాను. జిగురు పోదే! సీసా బాగుందని నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో పెట్టాను."

"కాగితం మీద రాతేమైనా కనపడిందా?"

"ఎవరో పెన్నుతో గీకారు. ముందు అదే పోయింది."

"నన్నొక్క మాట అడగొచ్చు కదండీ!"

"అడిగితే నీ చేత అబద్ధం చెప్పించినట్టవుతుందేమోనని అడగలేదు" అన్నారు.

 పిల్లలు చూస్తున్నారని సీసా తీసుకెళ్ళి మళ్ళీ బియ్యం డబ్బా వెనక పెట్టాను.

శనివారం పొద్దున నా బల్ల దగ్గర ఖాజా భాయ్ ఆగాడు. "ఏమైందక్కా, గట్ల కూసున్నవ్?" చెప్పాను. ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. గా సంతకం దినాం చూస్తున్న. పెన్ను నాది, కాగితం నాది. చాయ్ తాగేలోపట గీసిస్త. సీసాకు అతికిచ్చుడే!"

మా పనిలో కాపీ బయటికి వెళ్ళాలంటే అది కాపీ అని దాని మీద ముద్ర ఉండి తీరాలి. ఆ మాటే చెప్పాను. "సీసాకు ముద్ర ఎవ్వడడుగుతడక్కా!" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

క్లయింటు వాళ్ళు వచ్చి వెళ్ళాక, రెండో పూట డ్యూటీకి వస్తూ సీసాని గుడ్డ సంచిలో తెచ్చుకుని రే గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. అప్పుడు డగ్ కూడా అక్కడే ఉన్నాడు. రే సీసా తీసుకుని, కాగితం ఉండాల్సిన చోట వేలితో రాసి చూశాడు. డగ్ మాత్రం కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. "అంట్లు తోమే పీచుకి పోయే పేరు! ఇన్నేళ్ళుగా నేను చెప్తున్నదదే!" అని కళ్ళు తుడుచుకుంటూ నా అర్జీ తెప్పించి అక్కడికక్కడే సంతకం పెట్టాడు. మావారికి తన తరఫున కరచాలనం చేయమన్నాడు.

సగం పని అయింది.  రే ఆ పూటంతా డ్రాయింగుల మీద సంతకం చేసి నా వైపు చూడకుండా తోశాడు. ఆయన పార్టీవాళ్ళంతా నన్ను శత్రువులా చూశారు. రాజు గారు మటుకు నాకు టీ తెప్పించారు. 

డ్యూటీ ముగించి వెళ్ళబోతుంటే రే పిలిచాడు. అసలు ఆ నీళ్ళు ఎవరు తాగారని అడిగాడు. పాస్టర్ గారని చెప్పాను. ఆయన వైన్ తాగుతారా? జన్మలో ముట్టలేదన్నాను. అది ఎవరి సీసానో ఆయనకి తెలుసా? తెలియదన్నాను. ఏమన్నారు? నీళ్ళు చల్లగా ఉన్నాయన్నారు, సీసా దళసరిగా ఉందని మెచ్చుకుని, తనకూ ఒకటి కావాలన్నారు అని చెప్పాను.

రే లేచి నిలబడ్డాడు. సీసా పట్టుకుని పెద్ద అంగలేస్తూ డగ్ గదిలోకి దూసుకెళ్ళాడు. ఆ అరుపులు సైటు నుంచి ఫోన్లో మాట్లాడుతున్నవాళ్ళకి కూడా వినిపించాయంటారు. పేరు చెరిపేశాక, ఆటంటే తెలియని మనిషి, మందు ముట్టని దైవసేవకుడు, ఎవరూ అడక్కుండానే అతని సీసాని మెచ్చుకున్నాడు! ఇంతకంటే నిష్పక్షపాతమైన సాక్షి ఎవరు దొరుకుతారు? రే అంతే వేగంగా తిరిగొచ్చి, నా అర్జీ మీద కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు. సీసాని పాస్టర్ గారికి తన బహుమానంగా ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఎవరిదో చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. భద్రంగా ఉంచాల్సిన వస్తువు సంగతి ఆ చోట తిరిగే ప్రతి మనిషికీ ముందే తెలియాలి. ఆఫీసులో చప్రాసీ దాకా అందరికీ నేనే చెప్పే ఈ నియమం ఇంటికి అక్కర్లేదనుకున్నాను.

అందుకే మర్నాడు పొద్దున పాలు తాగుతున్న పిల్లలిద్దరికీ ముందే చెప్పాను. ఆంటీ వాళ్ళు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం బస్సు దిగేసరికి గేటు దగ్గర అమ్మే ఉంటుంది. అమ్మ కనపడకపోతే డ్రైవరంకుల్ యల్లా యల్లా అని ఎంత తొందరపెట్టినా దిగొద్దు, తమ్ముడి చెయ్యి పట్టుకుని సీట్లోనే కూర్చో అన్నాను.

"నువ్వు లేటైతే?" అంది పెద్దది, మా అనూ.

"అవను" అన్నాను.