పద్దెనిమిది డబ్బాలు, మూతలతో సహా

మెట్రో స్తంభాలు ఇంకా మొలవని ఆ కాలంలో, కూకట్‌పల్లిలో మధ్యతరగతి ఇంటికి ఒక ఉద్యోగమూ ఒక కంపెనీ చొప్పున ఉండేవి. ఉద్యోగం మగవాళ్లు బస్సులో నిలబడి హైటెక్ సిటీ దాకా వెళ్లి చేసేది. కంపెనీ మాత్రం ఎవరో ఒక మేడం తానే ఇంటికి తెచ్చి ఆడవాళ్లకు అంటగట్టేది. సబ్బులు కావచ్చు, బలం పొడులు కావచ్చు, ప్లాస్టిక్ డబ్బాలు కావచ్చు, ఆ సరుకు దుకాణంలో మాత్రం దొరకకూడదు. ఇంట్లో పార్టీ పెట్టి, తెలిసినవాళ్లని పిలిచి, వాళ్లు మొహమాటపడి లేవలేని సమయం చూసి అమ్మాలి. (పార్టీ అంటే ఉప్మా, కాఫీ, గంటంపావు ఉపన్యాసం.) అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అక్కావాళ్లింట్లో ఉండి ఉద్యోగం చేసుకునేవాణ్ణి. మా ఊళ్లో అందరూ నన్ను సాఫ్ట్‌వేర్ అనుకునేవారు. నిజానికి నా పని పరాయిదేశపు ఆసుపత్రుల బీమా కాగితాల్లో ఉన్న అంకెలు చూసి కంప్యూటర్లో కొట్టడం. వాళ్ల అపోహ తొలగించాల్సినంత తొందర నాకెప్పుడూ కలగలేదు. నేను చదివింది బీఏ చరిత్ర, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బడిలో నేర్చుకున్నవాడు లెక్క చేసి ఊరుకుంటాడు. సొంతంగా నేర్చుకున్నవాడు ఎదుటివాడి చేత కూడా ఒప్పిస్తాడు. ఆ జబ్బు నాకు అప్పటికే బాగా ముదిరింది.

అక్క మా ఊళ్లో పదో తరగతి ఫస్టు. పెళ్లయి ఇక్కడికొచ్చాక ఏడేళ్లుగా ఆమె చేసిన బహిరంగ ప్రసంగం ఒక్కటే: తలుపు తీసి, "ఆయన ఇంట్లో లేరండి." అలాంటి అక్క చేతిలో ఒక మేడం పద్దెనిమిది డబ్బాల కిట్టు పెట్టింది. మేడం చీర మీద వజ్రం ఆకారంలో బ్యాడ్జీ ఉండేది కాబట్టి మేము ఆవిడని వజ్రం మేడం అనుకునేవాళ్లం. షరతు చిన్నదే. మొదటి పార్టీలో ఆరు ఆర్డర్లు రావాలి. వస్తే అక్కకి కూడా ఒక బ్యాడ్జీ, కిట్టు ఆమె దగ్గరే. రాకపోతే వచ్చే శనివారం కిట్టు తీసుకెళ్లి మరో చెల్లెమ్మకి ఇస్తారు. (ఆవిడకి కూకట్‌పల్లి నిండా చెల్లెమ్మలే.) "ఆరేగా! అవుతాయిలే," అని అక్క రోజుకి నాలుగుసార్లు తనలో తాను అనుకునేది. మా బావ పేపరు దించకుండానే, "అవుతాయి, అవుతాయి. ఆ బ్యాడ్జీ పెట్టుకుని పప్పు తాలింపు వేస్తే రుచే వేరు," అనేవాడు.

అతిథులకు ఇవ్వాల్సిన సామగ్రి తయారుచేసే బాధ్యత నా మీద పడింది. పడింది అనడం అబద్ధం, నేనే లాక్కున్నాను. మనిషికి ఐదు కాగితాలు: వస్తువుల పట్టిక, ఆర్డరు ఫారం, ఆట కాగితం, అభిప్రాయం, చివరగా 'మా ఇంట్లోనూ పార్టీ పెడతాను' అన్న ఒప్పుదల. ఐదు పద్దెనిమిదులు తొంభై. జిరాక్సు షాపతను తొంభైకి ఎనభై తొమ్మిదే ఇస్తే, వెనక్కి వెళ్లి ఆ ఒక్కటీ తెచ్చుకున్నాను. కుర్చీలు ఇంట్లో పదకొండు, టెంట్‌హౌస్ నుంచి ఏడు. అతిథులు పద్దెనిమిది, డబ్బాలూ పద్దెనిమిది. ఈ సమానత్వం చూసి నాకు మతి పోయింది. "వస్తువు చేతిలో ఉండాలి డియర్, అప్పుడే మనసులో దిగుతుంది," అని వజ్రం మేడం చెప్పి ఉంది కదా. కుర్చీకొక డబ్బా పెట్టి, ఐదు కాగితాలూ చుట్టచుట్టి అందులోనే ఉంచాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరి కుర్చీ ఏదో తెలియాలని ఆఫీసులో ఫైళ్లకంటించే స్టిక్కర్లు తెచ్చి, ఒక్కొక్క మూత మీదా ఒక్కొక్క ఆవిడ పేరు ముద్రించి అంటించాను. అక్క అవి చూసి, "పెళ్లిలో పేర్లు కొట్టించిన గిన్నెల్లా ఎంత బాగున్నాయిరా!" అని మురిసిపోయింది. నేను మరింత మురిశాను. ఆ ముక్కలో ఉన్న ప్రమాదం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అక్క తనవంతుగా చేయాల్సింది చేసింది. కార్డులు పంచితే మర్యాద కాదని, కుంకుమభరిణె పట్టుకుని మెట్లెక్కి దిగి, పద్దెనిమిది మందినీ బొట్టు పెట్టి మరీ పిలిచింది. ఆదివారం సాయంత్రం అందరూ పట్టుచీరల్లో వచ్చారు. వజ్రం మేడం మూత తీయడం మీద పావుగంట, మూత పెట్టడం మీద అరగంట మాట్లాడి, మియాపూర్‌లో ఇంకో పార్టీ ఉందని వెళ్లిపోయింది. పేరంటానికి వచ్చినవాళ్లు ఇక లేవడమే తరువాయి. అక్క పళ్లెంలో తాంబూలాలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. మొదటి ఆవిడ బొట్టు పెట్టించుకుని, తన పేరున్న డబ్బా మూత తీసి ముందుకు చాచింది. అక్క చెయ్యి అలవాటు కొద్దీ ఆకులూ, వక్కలూ, రెండు అరటిపళ్లూ అందులో పెట్టేసింది. వెనకున్న పదిహేడు మందీ చూశారు, మూతలు తీశారు. నేను వరసగా లెక్కపెడుతున్నాను, ఒక్క తాంబూలం కూడా తగ్గలేదని సంతోషిస్తూ. చివరి ఆవిడ మెట్లు దిగాక హాలు చూస్తే పద్దెనిమిది కుర్చీలున్నాయి, ఒక్క డబ్బా లేదు. ఆర్డరు ఫారాలు కూడా అరటిపళ్ల కింద వాటి దారిన అవి వెళ్లిపోయాయి.

"ఇప్పుడే వెళ్లి అడిగి తెస్తాను," అన్నాను.

"ఏమనడుగుతావురా? బొట్టు పెట్టి చేతికిచ్చింది వెనక్కి ఇమ్మంటావా? పైగా వాళ్ల పేర్లు రాసి మరీ ఇచ్చాం! రేపట్నుంచి వాళ్ల ముందు తలెత్తుకు తిరగాలా, వద్దా?"

"మీ కంపెనీ బాగుందే," అన్నాడు బావ లోపల్నుంచి. "ధర్మం చేయడానికి కూడా మనుషుల్ని పెట్టుకున్నారు."

రెండు రోజులు అక్క సరిగ్గా అన్నం తినలేదు. ఆర్డర్లు సున్నా, కిట్టు సున్నా, శనివారం దగ్గరికొస్తోంది. బుధవారం మధ్యాహ్నం కింది వాటాలో ఉండే ఓనరమ్మ తన డబ్బా పట్టుకుని పైకొచ్చింది. వరంగల్ వైపు మనిషి, మాట ఇంటి నాలుగు వాటాలకీ వినబడుతుంది. ఆ వేళ నాకు రాత్రి షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను.

"ఏం పిల్లా, గింత ధరున్న డబ్బ ఎవలన్న ఉట్టిగ పంచుతరా? అరటిపండు కింద కాయితాలు తడిసినయ్‌లే అని ఆరబెడితె, ధర కనబడ్డది. మా ఆయన జర కుర్చీల కూసున్నడు కాబట్టి సరిపోయింది."

అక్క కళ్లనీళ్లు పెట్టుకుని ఉన్నదంతా చెప్పింది. ఓనరమ్మ విని నా వైపు తిరిగింది. "పేర్లు అంటించింది ఈ పిలగాడేనా? మంచిగ చదువుకున్నవ్ బిడ్డ. గిన్నె మీద పేరుంటె గిన్నె వాళ్లదే గద? మీ ఆంధ్రల వేరే ఉంటదా ఏంది?" అని డబ్బా అక్క చేతిలో పెట్టింది. బరువుగా ఉంది. నిండా సకినాలు. "ఖాళీ డబ్బ వాపస్ ఇస్తె బాగుండదని చేసిన. ఇగ నువ్వేం పరేషాన్ గాకు. నువ్వు అడగొద్దు, నేనడుగుత. నేనెవలకు బొట్టు వెట్టలే."

శుక్రవారం సాయంత్రానికి పద్దెనిమిదీ వచ్చాయి. ఏ ఒక్కటీ ఖాళీగా రాలేదు. పులిహోర, సున్నుండలు, గోంగూర పచ్చడి, మాగాయ, అరిసెలు, ఒకదాంట్లో కాకరకాయ కారం కూడా. (అది తెచ్చినావిడకి ధర విషయంలో మా మీద కొంచెం కోపం ఉండి ఉండాలి.) విచిత్రమేమిటంటే వజ్రం మేడం ఉపన్యాసానికి చలించని మనుషులు, ఐదు రోజులు పచ్చడి పోసి చూసుకున్నాక, "మూత గట్టిదేనండి, చుక్క కారలేదు," అంటూ ఆర్డర్లు రాశారు. ఒకటి, రెండు, అలా ఐదు. పై వాటా ఆవిడకి కూడా కావాలట. "ఆయన క్యాంపుకెళ్లారండి, సోమవారం వస్తారు, ఒక మాట చెప్పి రాసేస్తాను," అంది. ఆ రాత్రి అక్క మూడుసార్లు అద్దం ముందు నిలబడి, బ్యాడ్జీ పెట్టుకునేచోట చీర సర్దుకోవడం నేను చూశాను.

శనివారం వజ్రం మేడం వచ్చింది. స్టిక్కర్లు ఊడలేదు, గోంగూర వాసనా వదల్లేదు. ఆవిడ ముక్కు మూసుకుని, అయినా నవ్వుతూనే, "పర్లేదు డియర్, అవన్నీ తర్వాత. ఆరూ అయినట్టేగా?" అంది.

"అయినట్టే మేడం," అంది అక్క. ఏడేళ్లలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పదో తరగతి ఫలితాల రోజు విన్నానంతే.

"ఐదండి," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు. వాళ్లకి అర్థం కాలేదేమోనని వివరించాను కూడా: "ఆరోది నోటిమాటేనండి, సంతకం లేదు. లెక్కలో కలపకూడదు." వజ్రం మేడం ఆరు అన్న ఒక్క సంఖ్య వినాలనుకుందని, ఎవరు చెప్పినా రాసుకుని వెళ్లిపోయేదని ఇప్పుడు తెలుస్తోంది. కానీ ముగ్గురి మధ్యలో పైకి వచ్చేసిన లెక్కని ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? డబ్బాలు సర్దుకుంది. నేను మూతలు లెక్కపెట్టి ఇచ్చాను. సరిగ్గా పద్దెనిమిది.

సోమవారం పొద్దున తొమ్మిది కాకముందే పై వాటా ఆవిడ ఆర్డరు ఫారం పట్టుకుని దిగింది. "ఆయన సరేనన్నారండి." అక్క గుమ్మంలో నిలబడి, "కిట్టు పంపించేశానండి," అని నవ్వింది. లోపలికొచ్చి నాకు కాఫీ ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే నా లెక్క ఎంత సరైనదో నిరూపించడానికి అప్పటికే మూడు వాదనలు సిద్ధం చేసుకున్నాను. అవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, అడిగేవాళ్లు లేక.

మొన్నీమధ్య తెల్లాపూర్లో, యాభై దాటిన మా అక్క తను ఉండే గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో పిల్లలకి పద్యాల తరగతి మొదలుపెట్టింది. బావ రిటైరయ్యాడు కానీ పేపరు మాత్రం దించలేదు. "ఎంతమంది చేరారేం?" అన్నాడు అదే గొంతుతో. చాప మీద పదకొండు మంది పిల్లలు కూర్చోవడం నేను స్వయంగా లెక్కపెట్టాను. వచ్చే వారం నుంచి పంపిస్తామని లిఫ్టు దగ్గర ముగ్గురు తల్లులు అన్నారు. అక్క నోరు తెరిచేలోపు నేనే, "పద్నాలుగు," అన్నాను. అక్క నా వైపు చూసి, కాఫీ పెట్టడానికి లేచింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇంకా రాలేదు. నేను మాత్రం పద్నాలుగు మీదే ఉన్నాను.