కాగితం కోసం మింగిన మాత్రలు

పొద్దున్నే లేచి ఉమ్మితే పన్ను ముక్క పడింది. ప్రభుదాసు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసినాడు. ఎవరూ కొట్టలేదు. నిద్దట్లో పళ్లు నూరి నూరి తనే విరగ్గొట్టుకున్నాడు. దవడ కూడా వాచింది.

"కుప్పంలో రాళ్లు కోసే పని మానేసి పదేండ్లాయ," అంది పెండ్లాం వరమ్మ. "నీ నోట్లో మిషను మాత్రం ఆగలే."

ఎగతాళికే అనింది. వాడు చేతిలో చెంబు విసిరినాడు. అది ఆమె చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలి సొట్టపోయింది. ఆమె వంగి చెంబు తీసుకుని, క్యారియర్ కట్టింది.

ఆ రోజు పేర్లు పిలిచే రోజు.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ. ప్రభుదాసు ఆడ ఎనిమిదేండ్లుగా డ్రమ్ములు దొర్లిస్తాండాడు. ఫ్యాక్టరీ కంటికి మాత్రం ఎప్పుడూ కొత్తోడే. మూడు నెలలకోసారి గేటు కార్డులు గుంజుకుంటారు. మర్నాడు మేస్త్రీ మునిశేఖర్ గేటు కాడ నిలబడి పేర్లు చదువుతాడు. పేరు వినబడితే లోపలికి, లేకుంటే ఇంటికి. అంతకు ముందే డాక్టరుతో ఫిట్‌నెస్ కాగితం రాయించుకోవాల. బీపీ ఉంటే కాగితం రాదు.

ప్రభుదాసుకు బీపీ ఉండాది. కుప్పంలో దుమ్ము మింగినన్నాళ్లూ గుండె అదరలేదు. ఈ గేటు కాడ నిలబడి నిలబడి అదిరిన అదురే రోగమైంది. మాత్రలు రోజూ వేసుకోడు. అలవాటు పడితే కాగితం రోజున పని చెయ్యవని వాడి భయం. ఆ ఒక్క పొద్దున మాత్రం మూడు ఒకేసారి మింగుతాడు. మందు రోగానికి కాదు, కాగితానికి.

ఈ సంగతి తెలిసినోడు ఒక్కడే. తంబళ్లపల్లె గంగాధర్, డ్రమ్ముల కాడ జతగాడు. ఒకసారి డాక్టరు గుమ్మంలో ప్రభుదాసు కళ్లు తిరిగి పడబోతే పట్టుకున్నాడు. "ఎవురికీ సెప్పొద్దప్పా," అని ప్రభుదాసు చేతులు పట్టుకుంటే, "పోరా పిచ్చోడా," అన్నాడు.

ఈసారి డ్రమ్ములెత్తే మిషను వచ్చింది. ఇద్దర్లో ఒకడే ఉంటాడని పుకారు.

ప్రభుదాసు గేటు కాడికి పోయేసరికి గంగాధర్ మేస్త్రీ చెవిలో ఏదో చెప్తాండాడు. ఇద్దరూ ఇటు చూసి నవ్వినారు.

"ఏం ప్రభూ, ఒంట్లో బాగుండాదా?" అన్నాడు మునిశేఖర్.

అంతే. ప్రభుదాసు క్యారియర్ తిప్పి గంగాధర్ మొహం మీద కొట్టినాడు. కనుబొమ్మ చీలింది. రెండో దెబ్బకు చెవి తెగి వేలాడింది. సంగటి, రక్తం కలిసి చొక్కా మీద కారినాయి.

"సెప్పినావు గదరా!"

"ఏం సెప్పినాన్రా, నా కొడకా!"

గంగాధర్ తలతో వాడి కడుపులో గుద్ది కింద పడేసినాడు, ఎగిరి రొమ్ము మీద కూర్చున్నాడు, గొంతు పట్టినాడు. "నీ దవడ సూసి, పెండ్లాం ఉతికిందేమో అన్నాన్రా! అంతే అన్నాన్రా!"

ప్రభుదాసుకు ఆ మాట వినబడింది. కొట్టడం మాత్రం ఆపలేకపోయినాడు. పిడికిళ్లు వాటంతటవే లేస్తాండాయి. చెవుల్లో హోరు. ఆకాశం నల్లబడింది.

మునిశేఖర్ విడదీయలేదు. జేబులోంచి పెన్ను తీసినాడు.

"ఇద్దరి పేర్లూ రాసుకోని వచ్చినా గదరా," అంటూ రెండు పేర్ల మీదా గీతలు కొట్టి, మిగతా పేర్లు చదవడం మొదలుపెట్టినాడు.

మదనపల్లెలో ఆసుపత్రి. ఒకే బెంచీకి ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు. నర్సమ్మ ప్రభుదాసు చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టింది.

"నూటా తొంభై. మాత్రలు వాడతాండావా?"

"వాడతానమ్మా. మూడు నెలలకోసారి."

గంగాధర్‌కు నవ్వొచ్చింది. కుట్లు లాగినాయి. "నవ్వియ్యొద్దురా, సస్తా," అని చెవి పట్టుకున్నాడు. నర్సమ్మ పోయినాక అడిగినాడు: "రేపు యాడికి పోదాం?"

ప్రభుదాసు దవడ బిగుసుకుంది. మెలకువలోనే, పట్టపగలే, కరకరమని పళ్ల చప్పుడు మొదలైంది. తెగిన చెవితో గంగాధర్‌కు కూడా వినబడింది.