బాటిల్ ఆంటీ బీరు ఎందుకు పల్చన

మా పక్కింటి ఆంటీ పోయింది. జనవరిలో ఒక మంగళవారం, పొద్దున్న పదకొండు కావస్తోంది. నేను ఇంట్లోంచే ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఫోన్‌లో అంకుల్ పేరు కనబడగానే మ్యూట్ నొక్కి తీశాను. "అమ్మా, మీ ఆంటీకి కాఫీ పెట్టి తెచ్చాను. తాగడం లేదు," అన్నారు. గొంతులో ఏడుపు లేదు. చిన్నపిల్ల మీద ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పారు. నేను చెప్పులైనా వేసుకోకుండా మంచులో పరిగెత్తాను. ఇంక చేసేదేం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశాక హాల్లో వేసిన మంచం అది. దాని మీద ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకుని ఉంది. పక్కన స్టూలు మీద కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

కడుపులో నొప్పిని గ్యాస్ అనుకుంటూ ఏడాది గడిపిన మనిషి. కేన్సర్ అని తేలాక ఆరు వారాలు కూడా లేదు.

ఫ్యూనరల్ హోమ్‌కి మా ఊరు ట్రాయ్‌లోని తెలుగువాళ్ళు చాలామందే వచ్చారు. నా వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో గుసగుసగా అంటోంది: "మంచి మనిషే గని, జెర పైసల మనిషి. గా సీసాలు ఏరుకునుడేందో పాపం." నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆయన అంటూంటాడు. వెనక్కి తిరిగి నాలుగు దులిపేద్దామనుకున్నాను. కానీ ఏం మొహం పెట్టుకుని? ఆవిడకి 'బాటిల్ ఆంటీ' అన్న పేరు పెట్టిన పిల్లల్లో మా అబ్బాయి ఒకడు. వాడు అన్నప్పుడు నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మా రాష్ట్రంలో ఖాళీ బీరు సీసా వాపసిస్తే పది సెంట్లు చేతికొస్తాయి. ఎవరింట్లో పార్టీ అయినా, చివర్లో ఆంటీ ఒక సంచీ తీసేది. "ఆ ఖాళీవి నాకిచ్చేయండమ్మా," అని అడిగి పట్టుకెళ్ళేది. మొదట్లో పది సెంట్ల కోసమనే అందరూ అనుకున్నారు, ఆ పేరు అలాగే ఉండిపోయింది. నిజానికి ఆవిడ వాటిని వేడినీళ్ళలో నానేసి, లేబుళ్ళు గీకి, మరిగించి, తను కాచిన బీరు నింపుకునేది. అవును, ఆంటీ ఇంట్లో బీరు కాచేది. గుంటూరు జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ బడిపిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించే ఉద్యోగం చేసుకుంటూ, శుక్రవారం తలంటు మానని మనిషి.

సామానంతా ఒక గరాజ్ సేల్‌లో దొరికింది. మూతున్న ప్లాస్టిక్ బకెట్టు, గాలి బయటికి పోయే చిన్న గొట్టం, సీసాలకి మూతలు నొక్కే చేతిమిషను, పాలల్లో నీళ్ళు చూసేలాంటి తేలే గాజు పుల్ల. అమ్మేవాడు పిల్లాడి సైకిల్‌తో కలిపి మొత్తం తీసుకుపొమ్మన్నాడట. సైకిల్ మాకిచ్చేసింది. "మా ఆవిడ ఇంట్లో బట్టీ పెట్టిందమ్మా!" అని అంకుల్ వీధంతా చాటారు.

పని మాత్రం నేను అనుకున్నంత బ్రహ్మవిద్య కాదు. మాల్టు పాకం డబ్బాలో వస్తుంది, నల్లగా, చిక్కగా. దాన్ని నీళ్ళలో కలిపి, చేదు కోసం హాప్స్ గుళికలు వేసి మరిగించాలి. చల్లార్చి, ఈస్టు చల్లి, మూత బిగించి రెండు వారాలు కోట్లు తగిలించే అలమరలో పెట్టాలి. తర్వాత సీసాల్లో ఇంకో రెండు వారాలు. చల్లార్చడానికి పుస్తకంలో ఐసు కొనమని ఉంటుంది. ఆంటీ గిన్నెని తీసుకెళ్ళి పెరట్లో మంచులో దింపేది. "దేవుడు ఊరికే ఇస్తుంటే కొట్లో కొనడమేవిటే," అనేది.

నా ఉద్యోగం పోయినప్పుడు ఆ బకెట్టు దగ్గరే నా పగళ్ళు గడిచాయి. వీసాకి అరవై రోజుల గడువు, ఆలోగా ఇంకోటి దొరకాలి. ఆయన ఆఫీసుకీ పిల్లాడు బడికీ పోయాక ఇంట్లో గోడలు మీద పడేవి. ఆంటీ తలుపు కొట్టి, "రావే, సీసాలు కడుగుదువుగాని," అని లాక్కుపోయేది. ఉద్యోగం గురించి ఒక్క మాట అడిగేది కాదు. బుడగలొస్తున్నాయో లేదోనని నేను మాటిమాటికీ అలమర తలుపు తీసేదాన్ని. "తీసి చూడాలనిపించినప్పుడల్లా వెళ్ళి రెండు గిన్నెలు తోముకో. దాని పని అది చేసుకుంటుంది," అనేది. ఇంటర్వ్యూ ఫలితం కోసం కూర్చున్న రోజున వాళ్ళింట్లో తోమడానికి గిన్నెలు మిగల్లేదు. యాభై రెండో రోజున నాకు ఉద్యోగం వచ్చింది.

అప్పుడే గమనించాను, ఆవిడ డబ్బా మీద రాసినట్టు చేయదు. పంచదార వేయమంటే వేయదు. ఒక డబ్బాని రెండు సార్లకి వాడుతుంది. గుప్పెడు బార్లీ గింజలు మూకుట్లో నల్లగా వేయించి, ఆ డికాషన్ పోస్తుంది. ఎందుకంటే, "రంగుకి," అంది. పొదుపు కోసం ఇంత తిప్పలా అని లోపల నవ్వుకున్నాను. ఆ బీరు చూడ్డానికి కాఫీలా ఉండేది, తాగితే ఏమీ ఉండేది కాదు. పార్టీలకి పట్టుకొస్తే మగాళ్ళు ఒక గుక్క వేసి, సింకులో వంపేసేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ తిట్టేది అంకులే. అంతమందిలో సీసా పైకెత్తి, "చూడండర్రా, డబ్బాడు పాకంతో చెరువంత బీరు కాస్తుంది మా ఆవిడ! ఈ పీనాసిదాన్ని కట్టుకున్నందుకు మందు కూడా మజ్జిగ నీళ్ళలా తాగాల్సి వస్తోంది," అనేవారు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఆంటీ నవ్వుతూ ఇంకో సీసా మూత తీసిచ్చేది. నాకు ఒళ్ళు మండేది. ఆయన మీద కాదు, ఆవిడ మీద. ఇంకో డబ్బా కొంటే ఏం పోయింది, ఇంతమందిలో ఈ మాటలు పడటం ఎందుకని.

డిసెంబరులో, లేవలేని స్థితికి వచ్చాక, నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. అంకుల్ కింద బేస్‌మెంట్‌లో బట్టలు మడత పెడుతున్నారు.

పదిహేనేళ్ళుగా ఆయనకి రోజూ విస్కీ ఉండాలట. కార్ల విడిభాగాల కంపెనీలో పెద్ద ఇంజనీరు, ఆఫీసులో ఎవరికీ అనుమానం రాలేదు. రిటైరయ్యాక పగలు కూడా మొదలైంది. మాన్పించడానికి మనవాళ్ళకి తోచిన దారే ఆవిడకీ తోచింది. అయ్యప్ప మాల వేయించింది. నలభై ఒక్క రోజులు ముట్టకుండా ఉంటే అదే పోతుందనుకుంది. మాల వేసుకున్న మూడో రోజు పూజలో కూర్చునే ఆయన కొయ్యబారి, ఫిట్స్ వచ్చి పడిపోయారు. అలా ఒక్కసారిగా మానేయకూడదనీ, ప్రాణం మీదకి వస్తుందనీ, దీనికి మందులున్నాయనీ, చికిత్సలో చేరమనీ ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడు. చేరలేదు.

"ఎందుకు ఆంటీ?"

"ఎలా చేరతామే? నెల్రోజులు కనబడకపోతే అందరూ అడగరూ? అమ్మాయికి తెలిస్తే అల్లుడికి తెలుస్తుంది. ఈయన తల ఎత్తుకుని తిరగ్గలరా? బతకరు."

అందుకని తనే ఒక ఉపాయం పన్నింది. బయటి మందు మానేస్తే ఇంట్లో బీరు కాచి పోస్తానని ఒప్పందం పెట్టుకుంది. రోజుకి నాలుగు సీసాలు, ఎప్పుడూ నాలుగే. సీసాల లెక్క మారదు, లోపలి ఘాటు మాత్రం బకెట్టు బకెట్టుకీ కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. తేలే పుల్ల చూసుకుంటూ, రంగు తగ్గకుండా బార్లీ వేయిస్తూ, చేదు తగ్గకుండా గుళికలు పెంచుతూ, రెండేళ్ళు. అడిగినవాళ్ళకి డబ్బు దండగని చెప్పేది. పీనాసిదంటే పడింది.

"ఇంకో మూడు బకెట్లే. మూడోది ఉత్త కషాయం. అప్పటికి మానేసినట్టే, ఆయనకి తెలియకుండానే. నాకు టైమ్ లేదు. నువ్వు కాస్తావా?" అని నా చెయ్యి పట్టుకుంది. ఎన్ని నీళ్ళు పెంచాలో, ఎంత పాకం వేయాలో రెండుసార్లు అప్పచెప్పించుకుంది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. కాస్తానన్నాను.

ఆవిడ చేసింది వైద్యం కాదు. చేయించాల్సింది వైద్యం. ఆ మాట ఆ రోజే ఆవిడతో అనాల్సింది. చావుబతుకుల్లో ఉన్న మనిషితో వాదించలేక ఊరుకున్నాను. అది నా మొదటి తప్పు.

రెండో తప్పు ఇంకా పెద్దది. పన్నెండో రోజు కూడా అయిపోయింది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. కాలిఫోర్నియా డబ్లిన్‌లో ఉండే కూతురు కూడా సెలవు అయిపోయి బయల్దేరింది. నేను ఆంటీ వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డాను. హాల్లో అంకుల్ ఖాళీ మంచం ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఇంత దుఃఖంలో ఉన్న మనిషికి నీళ్ళు పోస్తానా అనిపించింది. ఈ ఒక్కసారికి మంచిది కాచి పెడదాం, వచ్చేసారి నుంచి ఆంటీ లెక్క అనుకున్నాను. డబ్బా మీద ఎలా ఉందో అలాగే చేశాను. పూర్తి పాకం, పైన పంచదార. జాలి ఒక్కటే అంటే అబద్ధం. నా చేతి బీరు బావుందనిపించుకోవాలని కూడా ఉంది.

నాలుగు వారాల తర్వాత, ఆంటీ ముందుగా కాచి దాచిన సీసాలు అయిపోయే వేళకి, మొదటి సీసా ఆయన చేతికిచ్చాను. ఒక గుక్క తాగి, సీసా వైపు చూశారు. "ఇది మీ ఆంటీ లెక్క కాదు," అన్నారు. ఆయన మొహంలో కళ వచ్చింది. "బావుందమ్మా," అన్నారు. నేను సంతోషంగా ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను.

ఆ బకెట్టు సీసాలన్నీ ఆయన నాలుగు రోజుల్లో తాగేశారు. అయిదో రోజు సాయంత్రం నడుచుకుంటూ పార్టీ స్టోర్‌కి వెళ్ళారు, ఇక్కడ మందు కొట్టుని అలాగే అంటారు. తిరిగి వస్తూ మా ఇళ్ళ ముందే ఐసు మీద జారిపడ్డారు. ఆఫీసు నుంచి వస్తూ చూసింది నేనే. తుంటి ఎముక విరిగింది. కోటు జేబులో విస్కీ సీసా మాత్రం చెక్కుచెదరలేదు.

ఆపరేషన్ అయ్యాక ఒంట్లో మందు లేక ఆయన మూడు రోజులు మనిషి కాలేదు. లేచి పడిపోకుండా ఆస్పత్రివాళ్ళు చేతులు కట్టి పెట్టారు. మూల చూసి ఆంటీని పిలిచేవారు. నేను ఒట్టు తీసి గట్టున పెట్టి, డాక్టరుకి అంతా చెప్పాను, ఎగిరి వచ్చిన కూతురికీ చెప్పాను. ఆ పిల్ల ఇక్కడే పెరిగింది. వరండాలో గోడకి ఆనుకుని, "అమ్మ నాకు ఎందుకు చెప్పలేదు? నాకు చెప్తే నేను హెల్ప్ చేసేదాన్ని కదా, అక్కా. నేను జడ్జ్ చేసేదాన్ని కాదు కదా," అని ఒకటే ఏడుపు. ఆ పిల్లని పట్టుకుని నేనూ ఏడ్చాను.

లివర్ చాలావరకు పాడైందని డాక్టరు చెప్పాడు. ఇప్పుడైనా పూర్తిగా మానితే కొన్నేళ్ళు, లేకపోతే నెలలు. అంకుల్ ఈసారి చేరతానన్నారు. తెలివొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాక, బీరు సంగతి నేను బయటపెట్టాను. నా తప్పు చెప్పుకున్నాను. ఆంటీ ఎలా పల్చన చేస్తూ వచ్చిందో చెప్పబోతే, చెయ్యెత్తి ఆపారు.

"తెలుసమ్మా. ఇన్నేళ్ళు తాగిన నోరు, తెలియకపోవడమేంటి? రెండో బకెట్టుకే తెలిసింది."

"మరి అంతమందిలో ఆవిణ్ణి అలా ఎందుకు తిట్టేవారు అంకుల్?"

"తిట్టకపోతే నాకు తెలిసిపోయిందని ఆవిడకి అర్థమైపోదూ? నాకు తెలిస్తే సిగ్గుతో మళ్ళీ స్టోర్‌కి పోతానని ఆవిడ భయం. తెలియదనుకుంటేనే ధైర్యంగా కాచేది. అందుకని తిట్టేవాణ్ణి. బాగా తిట్టిన రోజున ఆవిడ హాయిగా నిద్రపోయేది." దుప్పటి పైకి లాక్కుని, "జనం నిజమనుకున్నారు," అన్నారు.

ఇక్కడి తెలుగు పత్రికవాళ్ళు ఆంటీ గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు. నేను రాశాను. కష్టపడే మనిషి, పొదుపరి, చేతిలో పచ్చళ్ళ రుచి, అందరికీ తలలో నాలుక. పత్రికకి ఇచ్చేముందు అంకుల్‌కి చదివి వినిపించాను. "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు. "ఆవిడ పీనాసిది కాదని రాయి. ఎందుకు కాదో కూడా రాయి. నా సంగతి దాచి ఆవిడ సంగతి ఎలా రాస్తావు?" అన్నారు. ఆంటీ దాచినదంతా ఆయన పరువు కోసమే కదా, ఒట్టు మళ్ళీ తప్పనా అని వారం రోజులు నాలో నేను కొట్టుకున్నాను. ఆ పరువు కోసమే ఆయన ఆస్పత్రిలో చేరలేదు, ఆవిడ తన బాధ ఎవరికీ చెప్పుకోలేదు. ఇంక చాలనిపించి మళ్ళీ మొదటినుంచి రాశాను.

నిన్న సాయంత్రం ఆయన చేరిన చోటికి కాగితాలు పట్టుకెళ్ళాను. చదవనా అంటే, వద్దు, నేనే చదువుకుంటానన్నారు. కళ్ళద్దాలు పెట్టుకున్నారు. మందు మాన్పించే చికిత్సలో ఉన్నవాళ్ళకి చేతులు వణుకుతాయట, కాగితం గడగడలాడింది. మొదటి పేజీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది.

"అంకుల్ అని రాశావు, పేరు లేదు. అయినా నేనేనని మనవాళ్ళకి తెలుస్తుందా?"

"తెలుస్తుంది అంకుల్. మన ఊళ్ళో అందరికీ తెలుస్తుంది."

"సరే," అని రెండో కాగితం తీసుకున్నారు. అది ఇంకా ఎక్కువ వణికింది, అక్షరాలు నిలవడం లేదు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని కాగితం రెండో అంచు పట్టుకున్నాను. ఆయన చదవడం అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.