నినెత్ జుట్టు రంగు

మా బాతిన్యోల్ పేట చాకిరేవులో ఒనొరీన్ నోటికి జడవని మనిషి లేదు. ఏళ్ల తరబడి ఆమె పక్క బండ మీదే బట్టలు ఉతికాను కనుక నాకు బాగా తెలుసు. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది నాలుగేళ్ల నినెత్ ఒక్కతే. పిల్ల జుట్టు ఎండుగడ్డిలా పసుప్పచ్చగా ఉండేది. ఆ జుట్టు గురించి తల్లి రేవులో అందరికీ గొప్పగా చెప్పుకునేది.

వాళ్ల పై అంతస్తులో ఓక్తావ్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆమె ఆయన చొక్కాలు ఉతికేది, కూలికి బదులు ఆయన నినెత్ నిలువెత్తు బొమ్మ వేసేవాడు. ఆ వేయడం చూస్తే నాకు ఒళ్లు మండేది. రంగులు కలపడు. పసుపు చుక్క పక్కన ఊదా చుక్క, నారింజ చుక్క పక్కన నీలం చుక్క పెడుతూ కూర్చుంటాడు.

“కలిపి పూసేస్తే ఒక్కపూట పని కదండీ,” అని దెప్పింది ఒనొరీన్.

“కలిపితే మసకబారతాయమ్మా. ఊదా పక్కనుంటేనే పసుపు వెలుగుతుంది. దూరంగా నిలబడి చూడు, నీ కన్నే కలుపుకుంటుంది.”

“చొక్కా తెల్లగా కనబడాలని మేం నీలిమందు పెడతాం, అలాగన్నమాట. కాకపోతే మేం సాయంత్రానికి ఆరేస్తాం.”

ఆ చలికాలం గొంతు జబ్బు తగిలి, వారం తిరక్కుండానే నినెత్ పోయింది. ఫొటో తీయించే స్తోమత వాళ్లకు ఎన్నడూ లేదు. ఉన్నదల్లా ఆ బొమ్మే. ఓక్తావ్ దాన్ని తెచ్చి గోడకు తగిలించి వెళ్లిపోయాడు. ఒనొరీన్ ముద్దు పెట్టుకోబోతే, దగ్గరికి వెళ్లేసరికి పిల్ల మాయమై చుక్కలే మిగిలేవి. గది అగ్గిపెట్టెంత. బిడ్డ కనబడాలంటే తలుపు తీసి బయట మెట్ల మీద నిలబడాలి. కన్నతల్లికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? ఆ చుక్కల విద్యను నేను ఈనాటికీ క్షమించలేదు.

మూడో ఏడు వచ్చేసరికి బొమ్మలో జుట్టు గోధుమరంగుకు తిరిగింది. ఆ పసుపు ఏదో కొత్త రకమట. డబ్బాలో మెరిసింది, గోడ మీద చచ్చింది. ఉన్న ఒక్క ఆనవాలూ పాడైపోతోందని నేనే భయపడి ఓక్తావ్‌కు కబురు పెట్టాను. ఆయన వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

“వేరే పసుపు తెచ్చాను,” అన్నాడు. “చుక్క మీద చుక్క మళ్లీ పెడతాను. మొదట ఉన్నట్టే చేసిస్తానమ్మా.”

ఒనొరీన్ చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దండీ.”

“వదిలేస్తే ఇంకా నల్లబడుతుంది.”

“పడనివ్వండి. చిన్నప్పుడు నా జుట్టూ అలా పసుప్పచ్చగానే ఉండేది. ఏడేళ్లకి ఈ రంగొచ్చింది. దానికీ ఇప్పుడు ఏడే.”

అది బొమ్మేనే అనబోయి ఆగిపోయాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఓక్తావ్ రంగుల పెట్టె మూయబోయాడు.

“ఉండండి,” అంది ఒనొరీన్. రేవులో నేను ఎన్నడూ వినని గొంతు అది. “జుట్టు జోలికి పోకండి. గౌనొక్కటీ పొట్టయిపోయింది. కాస్త పొడుగు చేస్తారా?”

ఓక్తావ్ నేల మీద కూర్చుని గౌను అంచు కింద నీలం చుక్కలు పెట్టసాగాడు. మోకాళ్లు కప్పాక తలెత్తి ఆమెకేసి చూశాడు.

“ఇంకొంచెం కిందికి,” అంది ఒనొరీన్. “చలికాలానికి మళ్లీ పొట్టయిపోతుంది.”