రిబ్కా టీచరు కాలేజీ చూపిస్తుంది

ఎంసెట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఇల్లందులో రిబ్కా ఇంటి గుమ్మం ముందు చెప్పులు పెరుగుతాయి. ఆమె టేకులపల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. పొద్దున బస్సులో వెళ్ళి సాయంత్రం బస్సులో వస్తుంది. వచ్చేసరికి ఎవరో ఒకరు అరుగు మీద కూర్చుని ఉంటారు. తండ్రి, తల్లి, మధ్యలో ఇంటర్ పూర్తయిన పిల్లో పిల్లవాడో. తండ్రి చేతిలో కాగితాల సంచి.

రిబ్కా ముందు ఆ సంచి తీసుకుని మంచం కింద పెడుతుంది. తర్వాత పల్లికాయల చాట తెచ్చి మధ్యలో పెడుతుంది. అందరూ ఒలవాలి. చేతులు ఖాళీగా ఉంటే తండ్రులు ఉపన్యాసాలిస్తారు, పిల్లలు నేల చూస్తారు. చేతికి పని దొరికితే మాట దానంతట అదే వస్తుంది. ముందు పిల్లలు మాట్లాడాలి, తర్వాత తల్లి, చివర తండ్రి. ఆ వరుస తప్పితే ఆమె ఒప్పుకోదు. ఆమె భర్త జోజి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. ఆ నెలంతా తమ ఇంట్లో ఏ కూర మూత తీసినా పల్లీలే ఉంటాయని ఫిర్యాదు చేస్తాడు, చేస్తూనే తింటాడు.

ఆమెకు ఇంకో పట్టుదల ఉంది. చేరబోయే కాలేజీని తల్లిదండ్రులు ముందే వెళ్ళి చూడాలి. గేటూ బోర్డూ చూస్తే చాలదు. లోపల పిల్లలు పని చేస్తుండగా చూడాలి. ఆమెను టీచర్ ట్రైనింగులో చేర్చిన రోజు, గనిలో షిఫ్టుకు వేళవుతుందని తండ్రి బస్టాండు నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎప్పుడు ఉత్తరం రాసినా అక్కడ ఎట్లుంది అని అడిగేవాడు. బిడ్డను తలుచుకుంటే ఆమె చుట్టూ గోడలు ఏ రంగువో ఆయనకు తెలియదు. చూడని చోట బిడ్డను ఉంచి నిద్రపోవడం కష్టమని ఆయన ముసలితనంలో చెప్పాడు. అప్పటి నుంచి ఆమె తల్లిదండ్రులను బస్సెక్కిస్తూనే ఉంది.

రెండువేల అయిదులో బెంజమిన్ విషయం వచ్చింది.

బెంజమిన్ భూగర్భ గనిలో బొగ్గు నింపే ఫిల్లరు. భార్య ఉప్పలమ్మ. ఒక్కతే బిడ్డ, దీవెన. రిబ్కా, వాళ్ళూ ఒకే చర్చికి వెళ్తారు. ఆ సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆదివారం ఆరాధన మధ్యలో లేచి సాక్ష్యం చెప్తారు. జ్వరం తగ్గిందని, గనిలో రాయి పక్కన పడిందని. జరిగిపోయిన మేలు చెప్పడమే అలవాటు. బెంజమిన్ జరగబోయేది చెప్పాడు. ర్యాంకు వచ్చిన వారమే లేచి, దేవుడు తన బిడ్డను డాక్టరమ్మను చేయ నిర్ణయించాడని, ఆమె మొదటి మందు ఈ సంఘానికే ఇస్తుందని గట్టిగా చెప్పాడు. సంఘమంతా ఆమేన్ అంది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న దీవెన తల ఎత్తలేదు.

రిబ్కా ఆ పిల్ల వెనకే కూర్చుంది. ర్యాంకు ఎంతో ఆమెకు అప్పటికే తెలుసు. మంచి ర్యాంకే. సర్కారు మెడికల్ సీటు మాత్రం దానికి రాదు.

మర్నాడు ముగ్గురూ వచ్చారు. చాట మధ్యలోకి రాగానే బెంజమిన్ మొదలుపెట్టాడు. విజయవాడలో ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ ఇప్పిస్తానని, ఈసారి కాకుంటే వచ్చేసారి వస్తుందని. రిబ్కా అతని ముందుకు ఒక దోసెడు కాయలు తోసి, నీ వంతు ఆఖర్న అన్నా, అంది. అతను ఆగాడు.

దీవెన రెండు మూడు కాయలు ఒలిచాక చెప్పింది. గొంతు చిన్నది, మాట వణకలేదు.

“నాకు అగ్రికల్చర్ కావాలె టీచర్. డాక్టర్ వద్దు.”

అమ్మమ్మకు అడవి అంచున పత్తి చేను ఉంది. రెండేళ్ళ కింద ఆకులన్నీ ఎర్రబడ్డాయి. ఎందుకని ఈ పిల్ల అందరినీ అడిగింది. ఎవరూ చెప్పలేదు. మందుల దుకాణం అతను ఒక సీసా ఇచ్చాడు. కొట్టినా ఆకులు ఎర్రగానే ఉన్నాయి. ఆ చేను పక్కన నిలబడినప్పుడే ఇది చదవాలనుకున్నానని దీవెన చెప్పింది. అశ్వారావుపేటలో వ్యవసాయ కాలేజీ ఉందని, తన ర్యాంకుకు సీటు వస్తుందని కూడా కనుక్కుంది. ఈ ఏడాది వదిలేస్తే మళ్ళీ ఈ ర్యాంకు వస్తుందన్న నమ్మకం తనకు లేదంది.

ఉప్పలమ్మ వంతు వచ్చింది. ఆమె మొగుడి వైపు చూడలేదు.

“ఈయన లేశి సాక్ష్యం చెప్పిండు. దేవుడు మమ్ములను అడగకపాయె, ఈయన అడగకపాయె.”

బెంజమిన్ వంతు వచ్చేసరికి అతని దగ్గర ఒక్క మాటే మిగిలింది. దేవుని ముందు, పదిమంది ముందు చెప్పిన మాట అది. తిప్పుకోను. లేచి సంచి కోసం మంచం కిందకు వంగాడు.

ఇది పరువు సంగతి అని రిబ్కా అనుకుంది. సంఘంలో తల ఎత్తుకోవాలి కాబట్టి పట్టుబడుతున్నాడని. అట్లాంటి ముడి విప్పడం ఆమెకు తెలుసు. అయ్యగారి దగ్గరికి వెళ్ళి మాట్లాడింది. పాస్టరు మెత్తని మనిషి. తొందరలో అన్న మాటకు దేవుడు ఎవరినీ పట్టుకుని కూర్చోడని, బెంజమిన్‌తో తనే చెప్తానని అన్నాడు, చెప్పాడు కూడా. పని అయిందనుకుని ఆమె మర్నాడు సాయంత్రం బెంజమిన్ ఉండే గని క్వార్టర్‌కు వెళ్ళింది.

బెంజమిన్ మొదటి షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి వాకిట్లో కూర్చున్నాడు. కంటి రెప్పల అంచున నల్లటి గీత ఇంకా ఉంది.

“అయ్యగారు ఇడిసిపెట్టిండు టీచరమ్మా. నేనే ఇడువలే,” అన్నాడు.

ఎందుకని ఆమె అడగలేదు. నీళ్ళ గ్లాసు తీసుకుని అక్కడే కూర్చుంది. కొంతసేపటికి అతనే చెప్పాడు. వాళ్ళది కల్లూరు వైపు. తండ్రి కౌలుకు మిరప వేసేవాడు. వరసగా చేను పాడైంది. ఎడ్లు పోయాయి. తండ్రి ఆ చేను గట్టు మీదే కూర్చుని చూసేవాడు, ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. మీసాలు రాకముందే బెంజమిన్ ఇల్లందు వచ్చి బొగ్గుబాయిలో దిగాడు.

“బాయిల భయమైతది. అయినా ఆడ వాన కోసం మొగులు దిక్కు చూసుడు లేదు. ఇగ నా బిడ్డను మల్ల మొగులు దిక్కు చూడుమంటవా?”

తను ఇన్ని రోజులు తప్పు ముడి విప్పుతూ కూర్చున్నానని రిబ్కాకు అర్థమైంది. అర్థమయ్యాక ఆమె మనసు కుదుటపడింది. పరువైతే మాటలతో సర్దాలి. భయమైతే చూపించాలి. చూపించడం ఆమెకు చేతనైన పని.

“పోయి చూసొద్దాం అన్నా. చూసినంక వద్దంటే నేను మల్ల ఈ మాట ఎత్తను.”

లోపలి నుంచి ఉప్పలమ్మ, తను కూడా వస్తానంది.

దీవెనను ఇంట్లో ఉంచారు. అది రిబ్కా పద్ధతే. పిల్ల వెంట ఉంటే తల్లిదండ్రులు కాలేజీని చూడరు, పిల్ల ముఖం చూస్తారు. కొత్తగూడెంలో బస్సు మారారు. దారి పొడుగునా అడవి, అడవి మధ్య వాన నీళ్ళు నిలిచిన పొలాలు. బెంజమిన్ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడలేదు. ఉప్పలమ్మ ఒళ్ళో సద్ది మూట పట్టుకుని ప్రతి ఊరి బోర్డూ కూడబలుక్కుని చదివింది.

కాలేజీ గేటు దగ్గర నవత ఎదురొచ్చింది. ఆమె రిబ్కా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు మూడో సంవత్సరం. వాళ్ళను నేరుగా పొలంలోకి తీసుకెళ్ళింది. అక్కడ అమ్మాయిలూ అబ్బాయిలూ మోకాళ్ళ దాకా బురదలో నిలబడి వరి నాటుతున్నారు. కొందరికి చేతనవుతోంది, కొందరికి కావడం లేదు.

బెంజమిన్ గట్టు మీద ఆగిపోయాడు.

“గీ పనికి ఎంట్రెన్సు పరీక్షనా? మా ఊర్ల పొద్దుగాల కేకేస్తే కూలోళ్ళు వస్తుండిరి.”

నవత నవ్వింది, తనూ మొదటిరోజు అదే అనుకున్నానంది. రిబ్కాకు నవ్వు రాలేదు. నాట్ల రోజుల్లో తీసుకొచ్చి పొరపాటు చేశానా అని మొదటిసారి అనుమానం వచ్చింది. బెంజమిన్ ముఖం గనిలోకి దిగే ముందు మనుషుల ముఖం ఎట్లా ఉంటుందో అట్లా మూసుకుపోయింది. ఉప్పలమ్మ అక్కడ నిలబడలేదు. హాస్టల్ ఎటు అని అడిగి, ఒంటరిగా అటు నడిచింది.

మిగిలిన ముగ్గురూ మెట్ట భూమి వైపు వెళ్ళారు. అక్కడ నేలలో మనిషి నిలువు మించిన గుంట తవ్వి ఉంది. పక్కన మట్టి మెట్లు. పైన పిల్లలు గుంపుగా నిలబడి రాసుకుంటున్నారు, వాళ్ళ మధ్య ఒక సారు. గుంట లోపల ఒక అమ్మాయి చిన్న కత్తితో గోడను గీకి, మట్టి తీసి, నీళ్ళు చల్లి వేళ్ళ మధ్య నలిపి, ఏదో చెప్తోంది.

బెంజమిన్ గుంట దగ్గరికి వెళ్ళాడు. అంచు మీద ముందు ఒక కాలు మోపి, బరువు వేసి చూసి, తర్వాత రెండో కాలు పెట్టాడు. గనిలో భద్రత చూసే సర్దారు కర్రతో పైకప్పు కొట్టి చప్పుడు వింటాడు, అది విన్నాకే మిగతావాళ్ళు కదులుతారు. ఆ అలవాటు. పక్కలకు ఆధారం పెట్టలేదేమని సారును అడిగాడు. నేల గట్టిది, కూలదని సారు చెప్పాడు. దిగవచ్చా అని అడిగాడు. సారు తల ఊపాడు.

అతను దిగి గోడకు అరచెయ్యి ఆనించాడు. బతుకంతా నేల కింద పని చేసినవాడు, ఎండ వెలుతురులో నేల లోపలిని చూడటం అదే మొదలు. పైన నల్లటి పొర, దాని కింద ఎర్రది, కింద రాయిలా గట్టిది. తెల్లటి వేర్లు ఎర్ర పొర అడుగు దాకా వచ్చి, అక్కడి నుంచి కిందికి పోలేక పక్కకు తిరిగాయి.

ఆ అమ్మాయి అతనికి కత్తితో చూపించింది. గట్టి పొర మీద వాన నీళ్ళు నిలుస్తాయి, వేరు కుళ్ళుతుంది, పైన ఆకు రంగు మారుతుంది. పైనుంచి ఎన్ని మందులు కొట్టినా లాభం ఉండదు. కాలువ తీయాలి, లేదా వేరే పంట వేయాలి.

“గిదంత తెలిసినా చేను పోదా?” అని అడిగాడు బెంజమిన్.

“పోతది పెద్దనాన్నా, కొన్నిసార్లు,” అంది ఆ అమ్మాయి. “ఎందుకు పోయిందో తెలుస్తది.”

పైనున్న పిల్లలు రాయడం ఆపారు. బెంజమిన్ వేరు తిరిగిన చోట వేలు పెట్టి, అది పోయిన దారి వెంట గోడ మీద గీత గీశాడు. తర్వాత మెట్లెక్కి వచ్చాడు. చెయ్యి తుడుచుకోలేదు.

ఉప్పలమ్మ హాస్టల్ నుంచి తిరిగొచ్చింది. స్నానాల గదుల తలుపులకు గొళ్ళాలున్నాయని, పప్పు పలచగా ఉందని, వంటామె మంచిదని చెప్పింది. చెట్టు కింద సద్ది విప్పారు. బెంజమిన్ రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

తిరుగు బస్సు కొత్తగూడెం చేరబోతుండగా, వచ్చే ఆదివారం చర్చిలో లేచి నిలబడతానని బెంజమిన్ అన్నాడు. అయ్యగారితో ముందే ఒక మాట చెప్పనా అని రిబ్కా అడిగింది. నువ్వు కూసో టీచరమ్మా, అన్నాడు.

ఆదివారం నిలబడ్డాడు. ఈసారి గొంతు పెద్దది కాదు.

“పోయినసారి దేవుడు చెప్పిండన్నట్టు చెప్పిన. దేవుడు చెప్పలే, నేనే చెప్పిన. నా బిడ్డ వ్యవసాయ కాలేజీ అడిగింది. నేను పోయి చూసొచ్చిన. అండ్లనే చేరుతది.”

ఎవరూ ఆమేన్ అనలేదు. చెప్పిన సాక్ష్యాన్ని ఎవరైనా వాపసు తీసుకోవడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. వెనక గోడకు ఆనుకున్న ముసలి జంపయ్య గొంతు సవరించుకున్నాడు.

“మరి మా మొదటి మందు ఎట్లరా బెంజమినూ?”

“నీ బెండ చెట్లకు ఇస్తది తియ్ తాతా.”

నవ్వు ముందు మగవాళ్ళ వైపు మొదలై ఆడవాళ్ళ వైపుకు వచ్చింది. నవ్వు తగ్గాక అయ్యగారు ఆమేన్ అన్నాడు, అప్పుడు సంఘం అంది. దీవెన తల ఎత్తి తండ్రి కూర్చునేదాకా చూసింది.

కౌన్సెలింగుకు రిబ్కా ఎవరి వెంటా వెళ్ళదు. అక్కడ తన అవసరం ఉందంటే, ముందు జరగాల్సిన పని జరగలేదని ఆమె లెక్క. తండ్రీ బిడ్డలే హైదరాబాద్ వెళ్ళి, మర్నాడు బస్సు దిగి నేరుగా ఆమె ఇంటికొచ్చారు. సీటు వచ్చిందని దీవెన ముఖమే చెప్పింది. హాస్టల్‌కు ఏమేం సర్దుకోవాలో రిబ్కా చెప్పబోతుంటే బెంజమిన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

లోపల ఆఫీసరు తనను ఏ కాలేజీ అని అడిగాడట. ఆమెనడుగు సార్, అన్నాడట. తెర మీద అశ్వారావుపేట ఉంది. దాని పైన, ఏ ప్రాంతం పిల్లలకైనా ఇచ్చే ఓపెన్ సీట్లలో, బాపట్ల కూడా ఉంది. దీవెన అది చూపించింది. పాత కాలేజీ అని, పంటల తెగుళ్ళ మీద అక్కడ చాలాకాలంగా పని జరుగుతోందని నవత చెప్పిందట. బాపట్లకు సంతకం పెట్టేముందు తండ్రి వైపు తిరిగి చూసిందట. అతను కలం అందించాడట.

“గా బాపట్లను నేను చూడనే లేదు టీచరమ్మా,” అన్నాడు బెంజమిన్. “ఎప్పుడు పోదాం?”

రిబ్కా కూడా ఎప్పుడూ బాపట్ల వెళ్ళలేదు. ఎట్లా వెళ్ళాలో కనుక్కోవాలి అంది. బెంజమిన్ బిడ్డ వైపు తిరిగాడు.

“బస్సెక్కాల్నా, రైలెక్కాల్నా బిడ్డా?”

“డోర్నకల్ పోయి రైలెక్కాలె నాయినా. పొద్దుగాల ఉంది,” అంది దీవెన.